దీవెన ఆగే చోటు

పోయిన వారం మనం జగిత్యాలలో, దీవెన ఇంటి హాల్లో, టీవీ ముందు తొమ్మిది మందిని కూర్చోబెట్టి వచ్చేశాం. వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. ఈలోగా టీ రెండుసార్లు తిరిగింది. సోఫా మీద పరిచిన టవల్ నలగకూడదన్న మర్యాద తెలిసినవాళ్ళు కాబట్టి ఒక్కరి వెన్నూ వెనక్కి ఆనలేదు.

మధ్యలో చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. దీవెన పదకొండేళ్ళు కోరుట్లలో శాలేము బ్యాండులో పాడింది. ఆ బ్యాండు ఆమె పెద్దబాపు సాయిలుది, అంటే తండ్రికి అన్న. పెండ్లి బరాత్ ముందు సాయిలు క్లారినెట్ ఊదుతూ నడిచేవాడు. తోపుడు బండికి కట్టిన మైకు పట్టుకుని దీవెన పాడుతూ నడిచేది. మూడేళ్ళ కింద భర్త జైపాల్ "నువ్వొక్కదానివే పాడితె ఎక్కడికో పోతవు" అన్నాడు. ఆమె జగిత్యాల దాకా పోయింది. అప్పటినుంచి ట్రాక్ పెట్టుకుని సొంతంగా పాడుతోంది. యూట్యూబులో పేరొచ్చింది. జైపాల్ కరెంటాఫీసు డ్యూటీ అయ్యాక మేనేజరు అవుతాడు, అందుకు వేరే విజిటింగ్ కార్డు ఉంది.

బ్యాండు వదిలి వెళ్తున్నానని పెద్దబాపుకు ఎదురుపడి చెప్పే ధైర్యం దీవెనకు అప్పుడు లేకపోయింది. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. మూడేళ్ళుగా మాటల్లేవు.

ఇప్పుడు సిరిసిల్లలో సాంచెల కార్ఖానా, అంటే మరమగ్గాలు, నడిపే రాజ్‌కుమార్ వచ్చే ఆదివారం ప్రోగ్రాం పెట్టాడు. దీవెన ఒకే పాటను రెండుసార్లు పాడాలి. ముందు పాత బ్యాండుతో, ఆ వెంటనే ఒంటరిగా, ట్రాక్ కూడా లేకుండా. ఏది బాగుందో జనం తేలుస్తారు. ఆయనకు ఈ ఆలోచన పుట్టించింది యూట్యూబులో ఎవరో పని లేనివాడు పెట్టిన పందొమ్మిది నిమిషాల వీడియో. దాని పేరు 'బ్యాండు దీవెన, సోలో దీవెన'. హాల్లో నడుస్తున్నది అదే.

తెర పైసగంలో కోరుట్ల వీధి, జనరేటర్ పొగ, తలపాగా కళ్ళ మీదికి జారిన పెండ్లికొడుకు, పక్కన దీవెన. కింది సగంలో అద్దె పట్టుచీర కట్టుకుని పొలం గట్టు మీద దీవెన. నాట్లు వేసే పాట పాడుతూ మోకాలి లోతు బురదలో పట్టుచీరతో ఎవరూ దిగరు కాబట్టి గట్టు మీదే నిలబడింది. పాట ఒక్కటే.

*ఎన్కకు నడిసిన కొద్దీ ఎదురంత పచ్చనాయె,*
*పొద్దు గూట్ల వడ్డ గానీ...*

ఇక్కడ ఆగుతుంది. నాలుగు సెకండ్లు. తర్వాత *ఇంటికెప్పుడు పోదుమమ్మా* అని అందుకుంటుంది. ఆగినప్పుడు తల ఎడమకు వంచి, కళ్ళు అరమూసి, ఎవరినో చూసినట్టు చూస్తుంది. దీన్ని జనం 'దీవెన స్టయిల్' అంటారు. జగిత్యాల కాలేజీ పిల్లలు తల ఎడమకు వంచి రీల్స్ చేస్తున్నారు. ఒకమ్మాయికి మెడ పట్టేసిందని కూడా వార్త.

"బ్యాండుల సప్పుడెక్కువ. ఇప్పుడైతె క్లాసు ఉన్నది" అంది కింది పోర్షన్ వసంత. ఆమె కొడుకు పెండ్లికి డీజే పెట్టించి, కాలనీలో మూడు ఇళ్ళ కిటికీ అద్దాలు కదిలించిన మనిషి.

"రెండిట్ల దేని అందం దానిదే" అన్నాడు ఆమె భర్త దివాకర్ సారు. రిటైరైన హెడ్మాస్టరు. ఇడ్లీనా దోశనా అని అడిగినా ఆయన ఇదే చెబుతాడు.

దీవెన ఎవరి మాటా వినడం లేదు. మొదటిసారి రెండు బొమ్మలనూ పక్కపక్కన చూస్తోంది. పైసగంలో తను ఆగగానే ఎడమ పక్కనుంచి క్లారినెట్ లేస్తోంది. ఆ నాలుగు సెకండ్లూ అది పాడుతోంది. అచ్చం మనిషి గొంతులా పాడి, పాటను తెచ్చి మళ్ళీ తన చేతిలో పెడుతోంది. కింది సగంలో తను అట్లాగే ఆగింది, అట్లాగే ఎడమకు చూసింది. అక్కడ ఎవరూ లేరు. స్టూడియోవాళ్ళు పెట్టిన గాలి చప్పుడు మాత్రం ఉంది.

అది స్టయిలు కాదు. పెద్దబాపు కోసం చూడటం.

ఆమె వంటింట్లోకి పోయి, కుక్కర్ పక్కన నిలబడి, ఆ ముక్కను ఫోనులో మళ్ళీ ఆరుసార్లు విన్నది. ఆరోసారికి లెక్క తేలిపోయింది. తనకు ఆ చరణం ఒక్క ఊపిరిలో పాడే దమ్ము లేదు. ఆ సంగతి పదకొండేళ్ళు బయటపడకుండా ఒకాయన క్లారినెట్ అడ్డం పెట్టి కాపాడాడు. ఆదివారం ట్రాక్ లేకుండా, గాలి చప్పుడు లేకుండా, ఒక్కతే పాడాలి. ఆ నాలుగు సెకండ్ల నిశ్శబ్దంలో సిరిసిల్ల మొత్తానికి తెలిసిపోతుంది, ఈమె సగం గాయని అని. తనకు మాత్రం ఈ వంటింట్లోనే తెలిసిపోయింది.

భయం వేయాలి. వింతగా, ముందు వేరేది వచ్చింది. ఇంత చేసినాయనకు తను ఒక్క మాట చెప్పలేదు.

"జైపాల్, పొద్దుగాల కోరుట్ల పోదాం" అంది హాల్లోకి వచ్చి.

"ప్రోగ్రాంకు బ్యాండును అడగాలె గదా. ఫోన్ల అడగరాదు?"

"ఫోన్ల చెప్పినందుకే మూడేండ్లాయె మాటలు లేక."

మర్నాడు బయలుదేరారు. కారు సెకండ్ హ్యాండ్‌ది. కొని రెండేళ్ళయినా సీట్ల ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. అవి మొదటి ఓనరు కూడా తీయనివి. జైపాల్ అద్దాలు దించి నడిపాడు. కోరుట్ల పొలిమేరకు రాగానే నాలుగు అద్దాలూ ఎక్కించాడు.

"ఉడుకపోస్తున్నదయ్యా. ఏసీ అన్న ఎయ్యి."

"అద్దాలు మూస్తే ఏసీ ఉన్నట్టే అనుకుంటరు. ఎయ్యుడెందుకు?"

చర్చి సందులో సాయిలు ఇంటిముందు దిగేసరికి ఇద్దరూ చెమటతో తడిసి ఉన్నారు.

వాకిట్లో పోశవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. సాయిలు భార్య, దీవెనకు పెద్దవ్వ. చేతులు ఆగలేదు, తల మాత్రం ఎత్తింది.

"వందనాలు పెద్దవ్వా."

"ఎవలూ? ఓ, మేడమా! టీవీల కంటె జెర బక్కగున్నవు. గింత చెమటేంది, నడుసుకుంట అచ్చిన్రా?"

"కారుల అచ్చినం అత్తమ్మా" అన్నాడు జైపాల్ బాధగా.

"పెద్దబాపు లేడా?"

"ఏడికి పోతడు? పెండ్లిళ్ళన్ని డీజేలకు పాయె. ఓ సాయిలూ! నీ మేడం అచ్చింది!"

సాయిలు గుమ్మంలోకి వచ్చాడు. అరవై దాటాయి. బ్యాండు యూనిఫాం ప్యాంటు, పైన బనీను. దీవెనను చూశాడు.

"అచ్చినవా" అన్నాడు. అందులో ప్రశ్న లేదు.

ఇట్లాంటి సమయాల్లో ఏదో ఒకటి చేయాలని తోచే జైపాల్ వెంటనే కవరు విప్పి శాలువా తీసి పెద్దమనిషి భుజాల మీద కప్పాడు. దీవెనకు సన్మానాల్లో వచ్చిన శాలువాలు ఇంట్లో ముప్పై ఏడు ఉన్నాయి. బీరువా నిండి మంచం కిందికి చేరాయి. వాటిలో మంచిది ఏరి తెచ్చాడు.

సాయిలు శాలువా అంచుకు పిన్ను పెట్టి ఉన్న కాగితం తీసి, దూరంగా పట్టుకుని చదివాడు.

"'గానకోకిల శ్రీమతి దీవెన గారికి, రెండో గల్లీ గణేశ్ మండపం వారు.'" కాగితం మడిచాడు. "అల్లుడా, నాకు గీ పేరు ఎప్పుడు పెట్టిన్రు?"

పోశవ్వ చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. జైపాల్ మెడ దాకా ఎర్రబడ్డాడు. దీవెన నవ్వబోయింది. అది మధ్యలోనే ఏడుపైంది.

"కూసో బిడ్డా. శాలువ మంచిగనే ఉన్నది, ఏడువకు" అన్నాడు సాయిలు.

దీవెన గద్దె మీద కూర్చుని, దారి పొడుగునా కట్టుకున్న మాటలు మరిచిపోయి, నోటికొచ్చినట్టు చెప్పింది. "పెద్దబాపు, నాట్ల పాటల నేను ఆగుత సూడు, పొద్దు గూట్ల వడ్డ గానీ అన్నంక. నాకు ఆడ దమ్ము సాలదు. నిన్ననే తెలిసింది. పదకొండేండ్లు నువ్వు కప్పుకుంట అచ్చినవు. ఒక్కనాడు గూడ ఎవలకు తెల్వనియ్యలే, నాకు సుత తెల్వనియ్యలే. నేను నా గొంతే అనుకున్న. అనుకొని, మొఖం సూపియ్యకుండ పోయిన. గది చెప్తందుకు అచ్చిన. నీ పుణ్యం పెద్దబాపు."

సాయిలు విన్నాడు. విని పోశవ్వ వైపు చూశాడు. ఆమె మళ్ళీ చాట ఒళ్ళోకి లాక్కుంది.

"నీకు దమ్ము సాలదని ఎవలన్నరు?"

"వీడియోల సూసిన."

"కోరుట్ల చౌరస్తల జనరేటరు మీదికెల్లి ఇనవడ్డ గొంతు నీది. బరాత్‌ల గుర్రం బెదిరి పెండ్లికొడుకును కింద ఏసింది యాదికున్నదా? బాంబులకు బెదరలే అది, నీ గొంతుకు బెదిరింది. నీకు దమ్ము సాలకపోవుడేంది?"

"మరి ఆడ ఎందుకు ఆగుత?"

"నేను ఆగుమన్న. పద్నాలుగేండ్లకు అచ్చినవు బ్యాండులకు. పాట నేర్పుకుంట, గా జాగ కాడ గిట్ల ఏలెత్తిన. ఆగినవు. ఇగ ఏలు దించినా మర్చిపోలే."

సాయిలు శాలువా సర్దుకున్నాడు.

"నువ్వు పోయినంక ముగ్గురు పాడిన్రు బ్యాండుల. మంచిగనే పాడుతరు. గా జాగ కాడ ఒక్కలు ఆగరు. నేను ఊదెటాల్లకు వాళ్ళు ఇంటికి పోయి అన్నం తింటరు. నువ్వొక్కదానివే బిడ్డా, నా కోసం ఆగినవు. క్లారినెట్ సాయిలు అని నలుగురు అంటున్నరంటె గా నాలుగు ముక్కలకే. నాకు జాగ ఇడిచిపెట్టింది నువ్వు. నేను నీకు చెప్పాలె, నువ్వు నాకు చెప్పుడేంది?"

"చెప్పిండట చెప్పుడు!" అంది పోశవ్వ. "బిడ్డా, ముచ్చట పూర్తిగ ఇను. నువ్వు కొత్త పాట పెట్టుడే ఆలస్యం, ఫోను గిలాసకు ఆనిచ్చి పెడ్తడు. క్లారినెట్ పట్టుకుంటడు. నువ్వు ఎడమదిక్కు సూడంగనే మంచంల కూసుండి గీయన ఊదుతడు. మూడేండ్ల సంది గిదే. పక్కింటి సత్యవ్వకు నీ పాటలన్ని పాఠమైనయి."

జైపాల్ మనసులో వ్యూస్ లెక్క ఒకటి నడిచింది. పద్నాలుగు లక్షల్లో ఈ ఇంటి నుంచే వెయ్యి దాకా ఉంటాయి.

దీవెన కళ్ళు తుడుచుకుంది. ఆ నాలుగు సెకండ్లు ఖాళీగా ఉన్నాయని ఆమె ఒక్కతే అనుకుంది. కోరుట్లలో అవి నిండే ఉన్నాయి.

"మరి నా మెసేజికి జవాబియ్యకపోతివి?"

"ఇద్దామనే ఉండె. మాటలు రాక, ఊది పంపుదామని సూసిన. ఊదాలంటె రెండు చేతులు గావాలె. గా ఫోన్ల బటను ఒత్తి పట్టుకుంటనే పోతదట. ఎవలు పట్టుకోవాలె? మీ పెద్దవ్వను పట్టుకోవే అంటె పట్టుకోలే."

"ఎందుకు పట్టుకుంట? పోరి చెప్పకుండ పోయెనాయె, నాకు కోపం రాదా?" అంది పోశవ్వ. "అయినా గా పాట ఎప్పుడు ఊదినా నాకు కోపమే. నీ మీద గాదు బిడ్డా, గీయన మీద."

ఆమెకు ఆ పాట మీద కోపమెందుకో అడగాలని దీవెనకు అప్పుడు తోచలేదు. ఆదివారం సంగతి చెప్పింది. రెండుసార్లు పాడాలి, ముందు మీతో, తర్వాత ఒక్కదాన్నే. వస్తవా పెద్దబాపు అని అడిగింది.

"వస్త" అన్నాడు సాయిలు. అంత తేలిగ్గా అనేసరికి, బతిమాలడానికి సిద్ధపడి వచ్చిన జైపాల్‌కు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "బ్యాండుతోని పాడేటప్పుడు ఊదుత. ఒక్కదానివి పాడేటప్పుడు మాత్రం నేను క్లారినెట్ ముట్ట. నువ్వు ఆగొద్దు."

"ఆగకుంటె ఏం పాడాలె ఆడ?"

"మాటలున్నయి ఆడ. నేనే తీసేసిన."

"నా మాటలు!" అంది పోశవ్వ. చేతిలో బీడీ ఆకు నలిగిపోయింది. "నా మాటలు తీసేసి పీపి పెట్టిండు! గొల్లపల్లి కాడ పటేలు పొలంల నాట్లకు పోయినప్పుడు నేను కట్టిన బిడ్డా గా ముక్క. పన్నెండు మందిమి ఒక్క గొంతుతోని అనేటోళ్ళం. గీయన బ్యాండు పెట్టినంక, పటేలోళ్ళ సుట్టాలు పెండ్లిళ్ళకు పిలువరని భయపడి ముక్క ఎత్తేసిండు."

"మాటలు తీసిన, బాణీ తీసిన్నా?" అన్నాడు సాయిలు. "నా క్లారినెట్ల నువ్వన్నదే ఊదుతున్న ఇన్నేండ్ల సంది."

ఈ సంగతి పోశవ్వకు కూడా ఇప్పుడే తెలిసింది. భర్తను ఎగాదిగా చూసి, కోపం కొనసాగించాలా వద్దా అని ఆలోచించి, చివరికి గొంతు సవరించుకుని పాడింది.

*పొద్దు గూట్ల వడ్డ గానీ,*
*జలపతి పటేలు గడియారం నాలుగు దాటదాయె,*
*ఇంటికెప్పుడు పోదుమమ్మా.*

గొంతు అరిగిపోయింది, కానీ ప్రతి అక్షరం సరిగ్గా ఆ నాలుగు సెకండ్లలో కూర్చుంది. దీవెన ఇన్నేళ్ళూ ఊపిరి అనుకున్నది ఒక మాట.

"పొద్దుగాల ఆరు గాకముందే ఎనిమిదైందని లేపేది గా గడియారం. పొద్దూకితె నాలుగు కాడ పండేది" అని వివరించింది పోశవ్వ. "పటేలు గట్టు దిగి పోయినంకనే పాడేటోళ్ళం. ఆయన చెవుల పడలే. పడితె నాట్లకు పిలుస్తుండెనా?"

దీవెన మెల్లగా ఆ ముక్క అనుకుని చూసింది. మొదటి నుంచి చివరి దాకా, ఆగకుండా, ఒక్క ఊపిరిలో. సరిపోయింది. ఇంకా మిగిలింది. ఆమె ముఖంలో మూడేళ్ళ తర్వాత ఒక వెలుగు వచ్చింది.

జైపాల్ ముఖంలో ఉన్నది పోయింది.

"జలపతి పటేలా? గొల్లపల్లి జలపతి పటేలా?"

"ఇంకెంతమంది ఉన్నరు?"

"భూములమ్ముకొని సిరిసిల్లకు పోయినాయనేనా?" అతను ఫోను తీసి, ప్రోగ్రాం ఫ్లెక్సీ బొమ్మ తెరిచి అందరి ముందూ పెట్టాడు. ఫ్లెక్సీ నిండా దండ వేసిన ఫోటో. పక్కన అరచేతిలో పట్టేంత దీవెన. "రాజ్‌కుమార్ సార్ వాళ్ళ నాయిన గీయన. సంవత్సరీకానికే పెట్టిండు ప్రోగ్రాం! ఆయన ఫోటో ముంగట, ఆయన కొడుకు ముంగట, గీ ముక్క పాడుతదా?"

పోశవ్వ ఫోటోను దగ్గరికి తీసుకుని చూసింది. "సచ్చిపోయిండా పాపం" అంది. కాసేపాగి, "చేతికి గడియారం పెట్టుకొనే దిగిండు ఫోటో" అంది.

"పాట మార్పిద్దాం. ఇప్పుడే చెప్త" అని జైపాల్ రాజ్‌కుమార్‌కు ఫోను కలిపాడు. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు అతను స్పీకర్ పెడతాడు. పక్కవాళ్ళకు వినిపించకపోతే ఆ పరిచయం దండగ అని అతని ఉద్దేశం.

"నమస్తే సార్, జైపాల్ను. బ్యాండు ఒప్పుకున్నరు సార్. గని పాట ఒక్కటి మారుద్దామని. నాట్ల పాట గీ సందర్భానికి జెర..."

"అయ్యో, గా పాట గావాలనే పెట్టిన జైపాల్ గారూ" అంది స్పీకరు. "మా నాయిన పాట అది. ఏ పెండ్లిల వినవడ్డా కుర్చీ ముందుకు జరుపుకునేటోడు. ఆఖర్ల మంచంల వడ్డప్పుడు గూడ రోజు ఒక్కపారి పెట్టుమనేటోడు. మేడం ఆగి, క్లారినెట్ వస్తది సూడుండ్రి, గా ముక్క కాడ ఒక్కడే నవ్వేటోడు. కండ్ల నీళ్ళు వచ్చేటట్టు నవ్వేటోడు. ఎందుకు నాయినా అంటె చెప్పలే. సచ్చేదాక చెప్పలే."

సాయిలు భుజం మీది శాలువా జారింది. పోశవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మేడం ఉన్నరా పక్కన?" అన్నాడు రాజ్‌కుమార్. "అడుగుండ్రి, ఆడ ఏమన్న ఉన్నదా?"

జైపాల్ ఫోనును మూయబోయాడు. దీవెన అతని చేతిలోంచి తీసుకుంది.

"ఉన్నది సార్" అంది.

"ఉన్నదా! ఒక్క నిమిషం మేడం. మా అమ్మ ఈడనే ఉన్నది. ఆమె సుత అడిగి అడిగి సాలించుకున్నది. ఫోను ఆమె దగ్గర పెడుతున్న."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. గాజుల చప్పుడు. తర్వాత ఒక ముసలి గొంతు, చాలా దగ్గరగా.

"చెప్పు బిడ్డా" అంది. "నన్ను గూడ నవ్వనీ."